యంత్రం సరే, కిటికీ ఏదీ?

కిందటి సంచిక చివరి పేజీలో కార్యవర్గం వారు ఒక విజ్ఞప్తి ప్రచురించారు. ఆంధ్రదేశంలో ఒక జిల్లా కేంద్రంలో లేవబోతున్న ధర్మాసుపత్రికి మన సంఘం తరపున స్కానింగు యంత్రం కొనివ్వాలనీ, ఆ యంత్రం ఉండే హాలుకి సంఘం పేరు పెట్టిస్తారనీ దాని సారాంశం. పక్కనే ఆ భవనం బొమ్మ కూడా వేశారు. నాలుగంతస్తుల అద్దాల మేడ, ముందు ఫౌంటెను, మెట్ల మీద నున్నటి గ్రానైటు. మేము ఆ బొమ్మను చాలాసేపు చూశాం. తెరవడానికి వీలైన కిటికీ ఒక్కటీ కనబడలేదు.

మేము ఈ బ్రిటన్ ఆసుపత్రుల్లో రాత్రింబవళ్ళు పనిచేసే వైద్యులం. ముప్పై దాటి నలభైకి చేరనివాళ్ళం గనుక, "ఈ కుర్ర డాక్టర్లకి అన్నిటికీ అభ్యంతరమే" అని పెద్దలు అనుకున్నా ఫరవాలేదు. అభ్యంతరం మాత్రం చెప్పితీరాలి. ఆసుపత్రి భవనం అంటే రోగిని ఎండావానల నుంచి కాపాడే డబ్బా అనీ, వైద్యమంతా దాని లోపల జరిగేదనీ మనవాళ్ళలో ఒక నమ్మకం ఉంది. ఆ నమ్మకం తప్పు. భవనం కూడా వైద్యంలో భాగమే. బాగా కట్టిన భవనం రోగికి మందులా పనిచేస్తుంది. తప్పుగా కట్టినది కొత్త రోగాన్ని అంటిస్తుంది, ఒక్కొక్కప్పుడు ప్రాణం తీస్తుంది.

ఒక మాట గుర్తు చేస్తాం. మన చిన్నప్పటి ఇళ్ళలో వెంటిలేటరు అంటే గోడ పైభాగాన, కప్పుకి కాస్త కింద ఉండే చిన్న కన్నం. వేడిగాలి అందులోంచి బయటికి పోయేది, పిచ్చుక అందులో గూడు కట్టేది. ఇప్పుడు వెంటిలేటరు అంటే ఊపిరాడని వాడికి ఊపిరి ఆడించే యంత్రం. మొదటి వెంటిలేటరుని సిమెంటు పెట్టి మూసేశాం. రెండో వెంటిలేటరు కొనడానికి చందాలు పోగుచేస్తున్నాం. మన ఆసుపత్రుల కథంతా ఈ మాటలోనే ఉంది.

ఇది మేము కనిపెట్టిన సంగతి కాదు. క్రిమియా యుద్ధంలో స్కుటారి సైనిక ఆసుపత్రిలో సిపాయిలు గాయాల కంటె ఎక్కువగా విరేచనాలతో, జ్వరాలతో చచ్చిపోయేవారు. ఆసుపత్రి కింద మురికి కాలవలు నిండిపోయి ఉన్నాయి, లోపల గాలి ఆడేది కాదు. 1855 మార్చిలో ఆరోగ్య పరిశీలక సంఘం వచ్చి కాలవలు కడిగించి, గాలికి దారులు తెరిపించాక మరణాలు బాగా తగ్గిపోయాయి. అక్కడ పనిచేసిన ఫ్లోరెన్స్ నైటింగేల్ ఆ తర్వాత ఆసుపత్రుల నిర్మాణం మీద ఏకంగా ఒక పుస్తకమే రాసింది. ఆసుపత్రి మొట్టమొదటి ధర్మం రోగికి హాని చేయకుండా ఉండడం అన్నది ఆమె వాదం. లండన్‌లో పార్లమెంటుకి ఎదురుగా, థేమ్స్ నది ఒడ్డున 1871లో తెరిచిన సెయింట్ థామస్ ఆసుపత్రిని ఆ పద్ధతిలోనే కట్టారు: పొడవైన వార్డు, ఎత్తైన కప్పు, రెండు వైపులా ఎదురెదురు కిటికీలు.

ఇదంతా పాతకాలపు ముచ్చట అనేవారికి ఈ శతాబ్దపు లెక్క చెబుతాం. పెరూ దేశపు రాజధాని లీమాలో 8 ఆసుపత్రుల గదుల్లో గాలి గంటకి ఎన్నిసార్లు పూర్తిగా మారుతుందో కొలిచి, 2007లో ఫలితాలు ప్రకటించారు. 1950కి ముందు కట్టిన ఎత్తు కప్పుల, పెద్ద కిటికీల గదుల్లో కిటికీలు తెరిచినప్పుడు గంటకి 40 సార్లు మారింది. 1970 తర్వాత కట్టిన, కిటికీలున్న గదుల్లో 17 సార్లు. యంత్రాలతో గాలి ఆడించే అధునాతనమైన గదులకు ప్రమాణం 12 సార్లు. మందు పడని క్షయరోగితో ఒక రోజంతా ఆ గదిలో గడిపితే నూటికి ఎంతమందికి అంటవచ్చునో అంచనా కూడా కట్టారు. యంత్రాల గదుల్లో 39 మందికి, తర్వాతి కాలపు గదుల్లో 33 మందికి, పాతకాలపు గదుల్లో 11 మందికి. ఖరీదు తక్కువైన గదే ఎక్కువ రక్షణ ఇచ్చింది.

క్షయ మన దేశాన్ని వదిలిపోలేదు. మనకి ఈ విద్య కొత్తదీ కాదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం వందేళ్ళు దాటిన సంస్థ. స్ట్రెప్టోమైసిన్ పుట్టకముందు, క్షయకి మందే లేని రోజుల్లో, అక్కడ రోగులకు గాలి, వెలుతురు, విశ్రాంతి, తిండి ఇచ్చారు. ఆ గాలి వల్లే క్షయ నయమైందని మేము అనం. మందులు సరిగ్గా వేసుకుంటే ఇంట్లో ఉన్నా శానిటోరియంలో ఉన్నా ఒకటేనని మద్రాసులో జరిపిన పరిశోధన 1959లోనే తేల్చింది. కానీ మందు రోగిని బాగుచేస్తుంది; పక్క మంచం మీదివాడికీ, నర్సుకీ, చూడవచ్చిన చంటిపిల్ల తల్లికీ రోగం అంటకుండా చూడడంలో గాలికీ పెద్ద పాత్ర ఉంది. 

"మన ఎండలకి, దుమ్ముకి, దోమలకి కిటికీలు ఎలా తెరుస్తారండీ? ఏసీ ఉండొద్దూ?" అని కొందరు అడుగుతారు. ఆపరేషను థియేటరుకీ, ఇంటెన్సివ్ కేరుకీ శుద్ధిచేసిన గాలి పంపే ఏర్పాటు ఉండవలసిందే, దానితో పేచీ లేదు. అయితే వార్డు గోడకి తగిలించే స్ప్లిట్ ఏసీ చేసేదేమిటి? గదిలో ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది, బయటి గాలి తీసుకురాదు. నలభైమంది దగ్గిన గాలిని చల్లగా చేసి ఆ నలభైమందికే వడ్డిస్తుంది. దోమకి ఇనప జాలీ ఉంది, ఎండకి వరండా ఉంది, వేడికి ఎత్తు కప్పూ ఫ్యానూ ఉన్నాయి. మన తాతలు పెంకుటిళ్ళు కట్టుకుంటూ ఇవన్నీ ఆలోచించారు. ఇంజనీరింగు చదివిన మనవలు అద్దాలు బిగిస్తున్నారు.

అద్దాల సంగతి వచ్చింది కాబట్టి నిప్పు సంగతి కూడా చెప్పాలి. 2011 డిసెంబరు 9 తెల్లవారుజామున కలకత్తాలో ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రి నేలమాళిగలో మంట పుట్టింది. కార్లు పెట్టుకోవడానికని అనుమతి తీసుకున్న చోట మండే సామాను నింపారు. 90 మంది దాకా పోయారు, ఎక్కువమంది పొగకే. మూసిన అద్దాల మేడలోంచి పొగ బయటికి పోవడానికి దారి లేదు. నిచ్చెనలు వేసి అద్దాలు పగలగొట్టి మనుషుల్ని దించవలసి వచ్చింది. మంచం దిగలేని రోగి పరుగెత్తలేడు; అతని తరపున పరుగెత్తవలసింది భవనమే. అంటే మంచాన్ని మంచంగానే తోసుకుపోగలిగే ర్యాంపు, రెండో మెట్లదారి, పొగని ఆపే తలుపు, చేత్తో తెరుచుకునే కిటికీ. మన విజయవాడలో 2020 ఆగస్టు 9న కోవిడ్ రోగుల్ని ఉంచిన హోటలులో నిప్పంటుకుని పదిమంది చనిపోయారు. నడిచి వచ్చి నడిచి వెళ్ళే అతిథి కోసం కట్టిన భవనంలో పరుపు మార్చినంత మాత్రాన అది ఆసుపత్రి అయిపోదు.

ఇక్కడి భవనాలు గొప్పవి, వాటిని నకలు చేస్తే చాలు అనుకునేవారికి కూడా జవాబుంది. తూర్పు ఇంగ్లండులోని కింగ్స్ లిన్‌లో 1980లో తెరిచిన ఆసుపత్రిని తేలికపాటి బుడగల కాంక్రీటు పలకలతో కట్టారు. ఆ పలకల ఆయుస్సు ముప్పై ఏళ్ళే. తర్వాత కప్పు కూలకుండా వేల ఊతాలు నిలబెట్టవలసి వచ్చింది. ఎడింబరోలో పిల్లల కొత్త ఆసుపత్రిని తెరవడానికి కొద్ది రోజుల ముందు, 2019 జూలైలో, ప్రభుత్వం ఆపేసింది. ప్రాణాపాయంలో ఉన్న పిల్లల్ని ఉంచే వార్డులో గాలి గంటకి 10 సార్లు మారాలని నియమం. 4 సార్లే మారేట్టు కట్టారు. ఈ దేశం నుంచి మనవాళ్ళు తీసుకుపోవలసినది అద్దాల నమూనా కాదు, ఆ ఆపే ధైర్యం. మన జిల్లా ఆసుపత్రి ఏదైనా గాలి చాలలేదని ఆగిందని విన్నారా? గంటకి గాలి ఎన్నిసార్లు మారుతుందని రిబ్బను కత్తిరించే మంత్రిగారిని ఎవరైనా అడిగారా?

"పేదవాడు వైద్యానికి వస్తాడు గానీ కిటికీలోంచి చెట్లు చూడ్డానికి వస్తాడా?" అని ఒక మిత్రుడు ఎద్దేవా చేశాడు. చూడ్డానికి రాడు, నిజమే. కానీ చూస్తే మేలు జరుగుతుంది. అమెరికాలో రోజర్ ఉల్రిక్ అనే పరిశోధకుడు పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో 1972 నుంచి 1981 దాకా పిత్తాశయం ఆపరేషను అయినవారి రికార్డులు తీశాడు. కిటికీలోంచి చెట్లు కనబడినవారు 23 మంది, ఇటుక గోడ కనబడినవారు 23 మంది. చెట్లవైపు వారు సగటున 7.96 రోజులకి ఇంటికి వెళ్ళారు, గోడవైపు వారు 8.70 రోజులకి. చెట్లు చూసినవారికి గట్టి నొప్పి మందుల అవసరమూ తగ్గింది. 46 మంది అంటే చిన్న లెక్కే, దాన్ని వేదవాక్కుగా పట్టుకోమని మేము చెప్పం. అయినా ఒక వేపచెట్టు ఖర్చెంత? నిద్ర సంగతీ అంతే. రాత్రిపూట వార్డులో చప్పుడు 30 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో చెప్పింది. గ్రానైటు నేల మీద, నున్నటి గోడల మధ్య స్టీలు ట్రాలీ ఈడ్చినప్పుడు ఎంత మోత వస్తుందో పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు.

అన్నిటికంటె పెద్ద తప్పు మరొకటి. మన ఆసుపత్రులు కట్టేవారి లెక్కలో రోగి ఒక్కడే వస్తాడు. మనదేశంలో రోగి ఒక్కడే ఎప్పుడు వచ్చాడు? భార్య వస్తుంది, బావమరిది వస్తాడు, ముసలితల్లి మూటతో వస్తుంది. ఇక్కడ నర్సు చేసే పని అక్కడ సగం వాళ్ళే చేస్తారు. సెలైను సీసా అయిపోయిందని పరుగెత్తేది వాళ్ళు, రోగిని బాత్‌రూముకి నడిపించేది వాళ్ళు, మందుల చీటీ పట్టుకు తిరిగేది వాళ్ళు. మేము హౌస్ సర్జన్లుగా పనిచేసిన ఆసుపత్రిలో - పేరు అనవసరం - నలభై మంచాల వార్డుకి చేతులు కడుక్కునే కొళాయి ఒకటి, అదీ చివర. రోగుల బంధువులు మంచాల కింద పడుకునేవారు, ఆవరణలో చెట్ల కింద వండుకునేవారు. మరుగుదొడ్డి తడి మెట్టు మీద, పట్టుకోవడానికి కమ్మీ లేక, తుంటి ఎముక విరగ్గొట్టుకున్న ముసలివాళ్ళకి మేము కట్లు కట్టాం. వాళ్ళు జ్వరమని వచ్చినవాళ్ళు. ఆ తుంటి ఎముక విరిచింది భవనం. కేసు షీటులో మాత్రం కాలు జారి పడ్డాడనే రాస్తారు.

పాత భవనాలన్నీ బంగారం అని కూడా మేము వాదించం. 1908 మూసీ వరదల తర్వాత అదే నది ఒడ్డున లేచిన ఉస్మానియా ఆసుపత్రి చూడచక్కని కట్టడం. ఎత్తైన కప్పులు, విశాలమైన హాళ్ళు. దశాబ్దాల తరబడి మరమ్మతు సరిగ్గా లేక 2020 జూలైలో వాననీరు, మురుగునీరు వార్డుల్లోకి వచ్చాయి, రోగుల్ని ఖాళీ చేయించి పాత భవనం మూసేశారు. గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. కట్టడానికి డబ్బిచ్చే దాతలు దొరుకుతారు. కాలవ బాగుచేయడానికి ఇచ్చే దాత దొరకడు. కాలవ మీద శిలాఫలకం వేయరు గదా!

యంత్రం వద్దని మేము అనడం లేదు. రోగనిర్ణయానికి అది కావలసిందే. అయితే యంత్రం రోజుకి కొంతమందికి పనికొస్తుంది, దాన్ని నడిపే మనిషి ఉన్నన్నాళ్ళే పనికొస్తుంది. కిటికీ ప్రతి రోగికీ, ప్రతి రాత్రీ, కరెంటు లేనప్పుడు కూడా పనికొస్తుంది. యంత్రం చెడితే మరొకటి కొనవచ్చు. మూసేసి కట్టిన గోడతో మూడు తరాలు బతకాలి.

అందుచేత కార్యవర్గం వారిని మేము కోరేది ఒక్కటే. ఒక్క పౌను పంపేముందు ఆ భవనం ప్లాను తెప్పించి ఈ ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబులు అడగండి. ప్రతి వార్డుకీ ఎదురెదురుగా తెరుచుకునే కిటికీలున్నాయా? దగ్గే రోగులు కూర్చునే ఓపీ హాలు గాలి ఆడే వరండానా, మూసిన గదా? ఎన్ని మంచాలకి ఒక కొళాయి? మంచానికీ మరుగుదొడ్డికీ దూరమెంత, దారిలో పట్టుకోవడానికి కమ్మీ ఉందా, నేల తడిసినా జారకుండా ఉంటుందా? మంటలు లేస్తే పై అంతస్తు రోగిని మంచంతో సహా ఏ దారిన దించుతారు? రోగితో వచ్చినవాళ్ళు ఎక్కడ పడుకోవాలి, ఎక్కడ వండుకోవాలి, ఎక్కడ స్నానం చేయాలి? ఏటా మరమ్మతుకి ఎంత కేటాయించారు?

జవాబులు సరిగ్గా ఉంటే యంత్రానికి మా చందా మొదటిది. లేకపోతే ఆ డబ్బుతోనే కిటికీలు పెట్టించి, కొళాయిలు వేయించి, బంధువులకో సత్రం కట్టిద్దాం. హాలుకి సంఘం పేరు లేకపోతే సంఘానికి వచ్చే లోటేమీ లేదు. ఉగాదికి జరిగే సర్వసభ్య సమావేశంలో ఈ మేరకు ఒక తీర్మానం ప్రవేశపెడతాం. కాదనేవారు ముందుగా ఇదే పత్రికలో తమ వాదం రాస్తే అందరికీ మేలు. ఆ భవనం ప్లాను మాత్రం సమావేశం నాటికి బల్ల మీద ఉండాలి.