గుడియాత్తం దారిలో రెండు పాత కార్లు

మా చిత్తూరోళ్లకి రాయవేలూరంటే ముందు సీఎంసీ ఆస్పత్రి, తర్వాత శ్రీపురం బంగారు గుడి. నేను మొన్న వెళ్లింది పాత కారు కోసం. గుడియాత్తంలో ఉండే మా బావ ఫోన్ చేసి, "పదకొండేళ్ల జర్మన్ సెడాన్ బావా, కొత్త చిన్న కారు రేటుకే ఇస్తామంటున్నారు, వచ్చి చూడు" అన్నాడు. వెళ్తే అదే పాత కార్ల షెడ్డులో పక్కన 2016 ఫోర్డ్ ఎకోస్పోర్ట్ డీజిల్ ఉంది, సగం ధరకి.

సెడాన్ తలుపు వేస్తే బయటి హారన్లన్నీ ఎక్కడో పక్క వీధిలో మోగుతున్నట్టు వినిపించాయి. బెంగళూరు హైవే మీద పది నిమిషాలు తోలాక నాకూ ఆశ పుట్టింది, అబద్ధమెందుకు?

గుడియాత్తం దారి పట్టాక ఆశ తగ్గింది. నలుగురం కూర్చున్నాం. ఊరి మధ్య స్పీడ్ బ్రేకర్ మీద బండి అడుగు కర్రుమని గీసుకుంది. రెండోదాని దగ్గర ముగ్గురం దిగి నడిచాం. ఎకోస్పోర్ట్‌కి కింద 200 మిల్లీమీటర్ల ఎత్తుంది. అవే బ్రేకర్ల మీద మా మాటలు కూడా ఆగలేదు.

బావకి తెలిసిన మెకానిక్ ముందు బానెట్ ఎత్తలేదు. సీటు బెల్టు చివరిదాకా లాగి, చుట్టలో దాగిన భాగం చూశాడు. మన పలమనేరు వైపు నుంచి దిగే కౌండిన్య ఏరు గుడియాత్తం మధ్యగానే పోతుంది. 2021 నవంబరులో అది పొంగింది. నీట మునిగిన బండికి సీట్లు మారుస్తారు, కార్పెట్ మారుస్తారు, బెల్టు సంగతి మరిచిపోతారట. రెండు బళ్ల బెల్టులూ శుభ్రంగానే ఉన్నాయి. తర్వాత సెడాన్ డిక్కీ తెరిచి "స్టెప్నీ ఏదన్నా?" అన్నాడు. లేదు. రన్‌ఫ్లాట్ టైర్లు. గాలి పోయినా 80 వేగం దాటకుండా ఓ 80 కిలోమీటర్లు పోవచ్చు. వేలూరు చేరడానికి అది చాలనుకున్నాం, ఆ టైరు ఖరీదు వినేదాకా.

సెడాన్ మొదటి రిజిస్ట్రేషన్ ఢిల్లీది. పదేళ్లు దాటిన డీజిల్ బళ్లు అక్కడ తిరగకూడదని 2015లో హరిత ట్రిబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు దాన్నే నిలబెట్టింది. గడువు దగ్గరపడ్డ బళ్లు వేరే రాష్ట్రాలకి రావడం తప్పేమీ కాదు. కానీ మీటరు 62 వేలే చూపిస్తోంది, బ్రేక్ పెడల్ రబ్బరేమో నున్నగా అరిగిపోయింది. దేన్ని నమ్మాలి? బ్రిటన్‌లో మూడేళ్లు దాటిన కారుకి ఏటా ఎంఓటీ పరీక్ష తప్పదు. నంబరు కొడితే ఏ పరీక్షనాటికి ఎన్ని మైళ్లు తిరిగిందో, దేనికి ఫెయిలైందో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. మన సొంత కార్లకి 15 ఏళ్ల దాకా అలాంటి పరీక్షే లేదు. పెడల్ రబ్బరే మన ఎంఓటీ.

అసలు దెబ్బ సరిహద్దు దాటాక. తమిళనాడు బండిని చిత్తూరు అడ్రసు మీదికి మార్చాలంటే ఫారం 28తో ఎన్‌ఓసీ తెచ్చుకుని, ఇక్కడ మళ్లీ జీవిత పన్ను కట్టాలి. ఆ పన్నుకి మీరు కొన్న ధరతో పనిలేదు. కొత్తలో బండి ఖరీదెంత, ఇప్పుడు దాని వయసెంత అన్నదే లెక్క. 40 లక్షల బండిని 8 లక్షలకి కొన్నా లెక్క మొదలయ్యేది ఆ 40 దగ్గరే.

ఎకోస్పోర్ట్‌కీ ఓ లోటుంది. ఇండియాలో తయారీ ఆపేస్తామని ఫోర్డ్ 2021లో ప్రకటించింది. అయితే ఈ బండి పుట్టింది చెన్నై పక్కన మరైమలై నగర్‌లో. దాని పని తెలిసినవాళ్లు గుడియాత్తంలోనే దొరికారు. నేను దాన్నే తీసుకున్నాను. బావకి పన్ను బాధ లేదు, అయినా సెడాన్ వదిలేశాడు: ఇంటి ముందు ర్యాంపు ఎక్కలేదు.

మీరూ వేలూరు వెళ్తుంటే, షెడ్డుకి పోకముందే మన రవాణా కార్యాలయంలో ఆ మోడల్ పన్నెంతో కనుక్కుని వెళ్లండి.