డోనట్ ఆసానే... కానీ ఎవరికి?



పోయిన రంజాన్‌లో ఒకరోజు అసర్ నమాజ్ తర్వాత జరిగిన సంగతి ఇది. మాది ఎల్బీ నగర్. రింగురోడ్డు చౌరస్తా నుంచి లోపలికి నాలుగు గల్లీలు దాటితే మా ఇల్లు. అమ్మీ పొయ్యి ముందు నిలబడి ఉంది. మిర్చీ భజియాలు అయిపోయాయి, సమోసాలు అయిపోయాయి. ఇక మిగిలింది పిల్లలు వారం రోజులుగా గోల చేస్తున్న డోనట్లే. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్‌కి వెళ్లే మా పెద్దమ్మాయి ఫోన్ తెచ్చి వీడియో చూపించింది. "దాదీ, చాలా ఆసాన్. పది నిమిషాల పని" అంది.

మరి నేనేం చేస్తున్నాను? దస్తర్‌ఖాన్ పరిచి, ఖర్జూరాలు పళ్లెంలో సర్దుతున్నాను. మా ఇంట్లో రంజాన్ నెలంతా నా ఖిద్మత్ అంతే.

అజాన్‌కి ఇంకో పావుగంట ఉందనగా వంటింట్లోంచి "యా అల్లాహ్" అని కేక వినిపించింది. మెత్తటి పిండి చుట్ట చేతిలోంచి జారి నూనెలో పడింది. నూనె ఎగిరి అమ్మీ మణికట్టు మీద చిమ్మింది. మా బేగం పరుగున వెళ్లి ఆ చేతిని నల్లా కింద పెట్టింది. పసుపు, టూత్‌పేస్టు ఏమీ పూయకుండా ఇరవై నిమిషాలు చల్లటి నీళ్ల ధార కింద ఉంచడమే సరైన పని అని ఆమెకు తెలుసు కాబట్టి సరిపోయింది. ఆరోజు అమ్మీ సింకు దగ్గరే నిలబడి ఇఫ్తార్ చేసింది. ఖర్జూరం నేనే నోట్లో పెట్టాను. మచ్చ ఇప్పటికీ ఉంది, రూపాయి బిళ్లంత.

ఆ రాత్రి తరావీహ్ నుంచి తిరిగి వస్తుంటే నా దిమాగ్‌లో ఒకటే మాట తిరిగింది. ఆసాన్. ఎవరికి ఆసాన్? వీడియో చూసిన పిల్లకా, ఖర్జూరాలు సర్దిన నాకా, పధ్నాలుగు గంటలు రోజా ఉండి, కాగే నూనె ముందు గంటన్నర నిలబడ్డ డెబ్బై ఏళ్ల అమ్మీకా?

అందుకే ఈరోజు డోనట్ల గురించి రాస్తున్నాను. నూనెలో వేయించేవి కాదు, ఓవెన్‌లో కాల్చేవి. నా రాయ్ ముందే చెప్పేస్తాను. ఇంట్లో డోనట్లు చెయ్యాలనుకుంటే కాల్చిన డోనట్లే చెయ్యండి. సెహత్ కోసం కాదు, పొయ్యి ముందు నిలబడే మనిషి కోసం.

అసలు మనకు డోనట్ కొత్తదేమీ కాదు. సూర్యాపేటలో మా నానీ గోధుమపిండిలో బెల్లం పాకం పోసి, సోంపు వేసి, రాత్రంతా నానబెట్టి గుల్గులే వేసేది. పొద్దునకి ఆ పిండిలో ఖమీర్ లేచి చిన్న చిన్న బుడగలు కనబడేవి. డోనట్ అంటే చిల్లు పెట్టిన గుల్గులానే. ఆ చిల్లు కూడా సోకు కోసం పెట్టింది కాదు. నడుమ పిండి పచ్చిగా మిగలకుండా వేడి లోపలివైపు నుంచి కూడా తగలాలని. ఈ మాట చెబితే మా చిన్నవాడు నవ్వాడు. "అబ్బా, మరి గుల్గులేకి గ్లేజ్ ఏదీ?" అన్నాడు. వాడి బాధ వాడిది.

పిల్లల్ని తప్పు పట్టలేం. ఎల్బీ నగర్ దాకా మెట్రో 2018 సెప్టెంబర్‌లో వచ్చింది. చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట ఇప్పుడు పిల్లలకి నిమిషాల దూరం. స్టేషన్ మెట్లు దిగితే అద్దాల వెనక రంగురంగుల డోనట్లు. క్లాసులో ఎవరి సాల్‌గిరా అయినా అదే డబ్బా. మా అమ్మాయి ఒకసారి ఫ్రెండ్ ఇచ్చిన డోనట్ తినకుండా టిష్యూలో చుట్టి ఇంటికి తెచ్చింది. "అబ్బా, ఇది మనం తినొచ్చా?" అని అడిగింది. నేను డబ్బా తెమ్మన్నాను. దానిమీద గోధుమరంగు గుర్తు ఉంది. కింది అక్షరాలు చదవడానికి లేనంత చెరిగిపోయాయి.

ఇక్కడ ఒక విషయం మన ఘరానాల్లో చాలామందికి తెలియదు. మన దేశంలో గుడ్డు పడినా ఆ వస్తువు మీద మాంసాహారం గుర్తే వేస్తారు. కాబట్టి ఆ గుర్తు చూస్తే లోపల ఉన్నది గుడ్డు మాత్రమేనా, జెలటిన్ కూడా ఉందా అనేది తేలదు. ఆకుపచ్చ చుక్క ఉంటే జెలటిన్ లేనట్టే. 471 నెంబరు ఎమల్సిఫయర్ మొక్కల నూనె నుంచీ రావచ్చు, జంతువుల కొవ్వు నుంచీ రావచ్చు. ఆకుపచ్చ చుక్క ఉన్నచోట దాని గురించి ఫికర్ అక్కర్లేదు. మిగతా చోట్ల చేర్చిన పదార్థాల జాబితా చదవాలి, లేదంటే దుకాణంలో అడగాలి. నేను ఒకచోట అడిగితే కౌంటర్‌లోని కుర్రాడు "అందరూ తింటున్నారు కదా సార్" అన్నాడు. అది జవాబ్ కాదు.

ఇంట్లో చేస్తే ఈ షక్ ఉండదు. పిండి మనది, గుడ్డు మనది, వెన్న మనది. నాకిది పెద్ద ఇత్మినాన్.

సరే, ఎలా చెయ్యాలి? ఈదుల్ ఫితర్ తర్వాత నేనే మొదలుపెట్టాను. మూడుసార్లు చెడగొట్టాను. మొదటిసారి రాయిలా వచ్చాయి, ఎందుకంటే చపాతీ పిండిలా పిసికాను. ఖమీర్ వేసి చేసేవాటికి పిండి పిసకాలి, పొంగనివ్వాలి, రెండు గంటలు పడుతుంది. ఆసాన్ కావాలంటే బేకింగ్ పౌడర్‌తో చేసే కేక్ డోనట్లే మేలు. వీటికి పిండిని ఎంత తక్కువ కలిపితే అంత మెత్తగా వస్తాయి. పొడి చారలు పోగానే గరిటె ఆపెయ్యాలి.

నాకు కుదిరిన కొలత ఇది. మైదా 250 గ్రాములు (సగం మైదా, సగం గోధుమపిండి వేసినా బాగానే వస్తాయి, కాస్త బరువుగా ఉంటాయి అంతే). చక్కెర 120 గ్రాములు. బేకింగ్ పౌడర్ రెండు టీస్పూన్లు, వంటసోడా అర టీస్పూను, ఉప్పు చిటికెడు, ఇలాచీ పొడి కొంచెం. ఇవన్నీ ఒక గిన్నెలో. ఇంకో గిన్నెలో రెండు గుడ్లు, 120 గ్రాముల పెరుగు, 120 మిల్లీలీటర్ల పాలు, కరిగించిన వెన్న 60 గ్రాములు. రెండూ కలిపితే ఇడ్లీ పిండికన్నా కాస్త గట్టిగా ఉండాలి. డోనట్ అచ్చుకు వెన్న రాసి సగానికి పైన కొంచెం మాత్రమే నింపాలి. నిండా పోస్తే చిల్లు మూసుకుపోతుంది. నా రెండో వైఫల్యం అదే. ముందే వేడి చేసిన ఓవెన్‌లో 180 డిగ్రీల దగ్గర 10 నుంచి 12 నిమిషాలు. పుల్ల గుచ్చితే శుభ్రంగా బయటికి రావాలి. మూడోసారి ఇంకాస్త ఎర్రగా కావాలని 20 నిమిషాలు ఉంచాను, ఎండు రొట్టెలయ్యాయి. ఈ కొలతకి పన్నెండు వస్తాయి.

అచ్చు లేకపోతే చిన్న స్టీలు కటోరీలు చాలు. నడుమ అల్యూమినియం ఫాయిల్‌ని వేలంత గొట్టంలా చుట్టి నిలబెట్టండి, చిల్లు అదే వస్తుంది. ఓవెన్ లేకపోతే మందపాటి కడాయిలో ఉప్పు పరిచి, స్టాండు పెట్టి, మూత వేసి పది నిమిషాలు వేడి చేసి, కటోరీలు లోపల పెట్టండి. సన్నటి మంట మీద 18 నుంచి 20 నిమిషాలు. కుక్కర్‌లో చేస్తే రబ్బరూ విజిలూ తప్పకుండా తీసెయ్యాలి.

కరెంటు ఖర్చు గురించి మా అబ్బా అడిగారు. 1500 వాట్ల ఓవెన్ వేడెక్కడానికీ కాలడానికీ కలిపి 22 నిమిషాలు నడిస్తే సుమారు సగం యూనిట్. "పర్వాలేదు" అన్నారు.

ఇక ఏతరాజ్‌లు. "వేయించిన దానికి ఉండే మజా దీనికి రాదు" అని మా ఆపా అంది. నిజమే. ఆ పైపొర రాదు, ఆ వాసన రాదు. ఇది కేక్‌కి దగ్గరి చుట్టం. అది ఒప్పుకునే మొదలుపెట్టండి, లేకపోతే మొదటి ముక్కకే పిల్లలు మూతి తిప్పుకుంటారు.

"కాల్చినవి కాబట్టి సెహత్‌కి మంచివి" అని ఇంకొందరు అంటారు. ఈ మాటతో నాకు ఎక్కువ పేచీ ఉంది. లెక్క చూడండి. 120 గ్రాముల చక్కెరని పన్నెండు డోనట్లకి పంచితే ఒక్కోదానిలో 10 గ్రాములు. పైన 100 గ్రాముల చక్కెర పొడితో గ్లేజ్ వేస్తే ఇంకో 8 గ్రాములు. రోజుకి ఇలా పైనుంచి కలుపుకునే చక్కెర 50 గ్రాములు దాటకూడదని, 25 లోపు ఉంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. రెండు గ్లేజ్ డోనట్లు, ఒక గ్లాసు రూహ్ అఫ్జా. అంతే, ఆ 25 ఎప్పుడో దాటిపోయింది. మా అమ్మీకి షుగర్ ఉంది. ఆమెకి గ్లేజ్ లేనిది, సగమే ఇస్తాం. ఓవెన్ చక్కెరని మాయం చెయ్యదు.

అయితే ఒక ఫాయిదా మాత్రం ఖచ్చితంగా ఉంది. అది నూనె. రంజాన్‌లో మన కడాయి సంగతి మనకి తెలుసు. సోమవారం మిర్చీ వేసిన నూనెలో మంగళవారం సమోసా, బుధవారం గుల్గులే. నల్లబడి, నురగ వచ్చి, ఘాటు వాసన కొట్టేదాకా పారబోయం. హోటళ్లలో వాడిన నూనె చెడిపోయిన తీరుని కొలవడానికి 2018 జులై నుంచి ఆహార భద్రతా సంస్థ ఒక హద్దు పెట్టింది. నూనెలో పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే ఇక వాడకూడదు. ఇంట్లో కొలిచే మిషన్ మనకి లేదు, కళ్లూ ముక్కూ ఉన్నాయి. కాల్చిన డోనట్‌కి ఆ కడాయే అక్కర్లేదు. ఒక్కోదానిలో 5 గ్రాముల వెన్న, అంతే.

ఇప్పుడు అసలు విషయం. పన్నెండు డోనట్లు వేయించాలంటే వాయికి మూడు చొప్పున నాలుగు వాయిలు. తిప్పడం, తీయడం అన్నీ కలిపి పన్నెండు నిమిషాల పైనే. ఓవెన్‌లోనూ దాదాపు అంతే. టైం ఆదా అయ్యేది ఏమీ లేదు. తేడా ఎక్కడంటే, ఆ పన్నెండు నిమిషాలూ కడాయి దగ్గర ఒక మనిషి కదలకుండా నిలబడాలి. ఓవెన్ దగ్గర ఎవరూ నిలబడక్కర్లేదు. ఇఫ్తార్ ముందు ఆ పన్నెండు నిమిషాలు ఎంత ఖీమతీవో రోజా ఉన్నవాళ్లకి చెప్పాలా? దుఆ కబూల్ అయ్యే వేళ అని మనం అంటాం. ఆ వేళలో దస్తర్‌ఖాన్ దగ్గర మగవాళ్లం చేతులెత్తి కూర్చుంటాం. మన అమ్మీలూ బేగంలూ జల్లిగరిటె పట్టుకుని నిలబడతారు.

రసూలుల్లాహ్ (స) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటి పనుల్లో తోడుగా ఉండేవారని, నమాజ్ వేళకి లేచి వెళ్లేవారని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పిన సంగతి మనం బయానుల్లో ఎన్నోసార్లు విన్నాం. విని "సుబ్‌హానల్లాహ్" అన్నాం. వంటింట్లోకి మాత్రం వెళ్లలేదు.

కానీ ఓవెన్ కొనగానే పని తగ్గిపోతుందనుకుంటే అదీ ధోకానే. నేను చూసిన ఒకట్రెండు ఇళ్లలో ఏమైందంటే, డోనట్లు చేరాయి, మిర్చీ పోలేదు, సమోసా పోలేదు, దహీ వడా పోలేదు. ఆ ఆడవాళ్లకి ఒక ఐటం పెరిగింది, కడగాల్సిన అచ్చు ఒకటి పెరిగింది. అందుకే మా ఇంట్లో ఒక ఉసూల్ పెట్టుకున్నాం. డోనట్లు చేసిన రోజు వేపుడు ఒక్కటే, లేదా అదీ లేదు. పిండి కొలతలు అమ్మాయివి, కలపడం నాది, అచ్చు కడగడం చిన్నవాడిది. వాడు సరిగ్గా కడగడు, నేను మళ్లీ కడుగుతాను. అయినా పని వాడిదే.

మొన్న షబేబరాత్ మర్నాటి రోజాకి ఇలాగే చేశాం. అజాన్‌కి పావుగంట ముందు అచ్చు ఓవెన్‌లో పెట్టి, అందరం వచ్చి కూర్చున్నాం. అమ్మీకి అలవాటు లేదు. రెండుసార్లు లేవబోయింది. "ఏదో మర్చిపోయినట్టుంది బేటా" అంది. ఏమీ మర్చిపోలేదని బేగం చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

ఇఫ్తార్ అయ్యాక సగం డోనట్ తుంచి నోట్లో వేసుకుని అమ్మీ కాసేపు నమిలింది. అందరం ఆమె ముఖమే చూస్తున్నాం.

"గుల్గులేనే బాగుంటాయి" అంది.

పిల్లలు ఉసూరుమన్నారు. ఆమె మిగతా ముక్క చేతిలో తిప్పి చూసింది. "కానీ వేడిగా ఉంది. ఈ ఇంటికి కోడలిగా వచ్చాక నేను వేడి వేడిగా తిన్నదేదీ గుర్తు లేదు" అంది.

నాకు జవాబ్ దొరకలేదు. యాభై ఏళ్లుగా మాకందరికీ వేడిగా పెట్టి, ఆఖర్న చల్లారినవి తిన్న మనిషి ఆమె. మేమెవరం ఆ సంగతి చూడలేదు.

రంజాన్ ఇంకో పది రోజుల్లో ఉంది. డోనట్లే చెయ్యమని నేను అనను. మీ ఇష్టం, మీ పిల్లల ఇష్టం. ఒక్కటే గుజారిష్. మొదటి రోజు అజాన్ అయ్యేటప్పుడు మీ వంటింట్లో ఎవరు నిలబడి ఉన్నారో ఒకసారి లేచి చూసి రండి.

అల్లాహ్ హాఫిజ్.