వృద్ధుల్లో టీబీ: ‘వయసు దగ్గే’ అనుకుంటే ఆలస్యమే

2025 నాటికి దేశంలో టీబీని అంతం చేస్తామని కేంద్రం 2017లో గడువు పెట్టుకుంది. ఆ గడువు దాటిపోయింది. డబ్ల్యూహెచ్‌వో లెక్కల ప్రకారం 2015లో లక్ష మందికి 237 కొత్త కేసులుంటే, 2024లో 187. అంటే తగ్గింది 21 శాతమే, అనుకున్నది 80 శాతం. మిగతా కేసులు ఎక్కడున్నాయని వెతికితే కొన్ని మన ఇళ్లలోనే, మంచం మీద కూర్చుని దగ్గుతున్న దాదా, నానీల దగ్గరే దొరుకుతాయి.

2019-21లో జరిగిన జాతీయ సర్వేలో, లక్షణాలున్న వాళ్లలో 64 శాతం మంది ఎక్కడా చూపించుకోలేదని తేలింది. వయసు పైబడిన వాళ్లలో జబ్బు ఎక్కువగా ఉందని చెప్పిందీ అదే సర్వే.

పెద్దవాళ్లలో ఊపిరితిత్తుల టీబీ అందరూ అనుకునే రూపంలో రాదు. సాయంత్రం జ్వరం, కఫంలో రక్తం చాలామందిలో కనిపించవు. ఆకలి మందగిస్తుంది, మనిషి చిక్కిపోతారు, నాలుగడుగులేస్తే ఆయాసం. ఇంట్లోవాళ్లు ‘వయసైంది కదా’ అనేస్తారు. బీడీ అలవాటుంటే బీడీ దగ్గంటారు, ఆస్తమా ఉంటే ఇన్‌హేలర్ మారుస్తారు. ఎక్స్‌రేలో మచ్చ ఊపిరితిత్తి కింది భాగంలో కనిపిస్తే న్యుమోనియా అనుకుని మందులిచ్చే అవకాశమూ ఉంది. ఇలా నెలలు గడిచిపోతాయి. నిజానికి చాలామందికి ఆ క్రిమి వయసులో ఉన్నప్పుడే సోకి ఉంటుంది. షుగర్, పోషకాహార లోపం, స్టెరాయిడ్ మాత్రలు ఒంట్లో శక్తిని తగ్గించినప్పుడు అది నిద్ర లేస్తుంది.

పరీక్ష దగ్గర ఇంకో చిక్కు. గట్టిగా దగ్గి కఫం తీయలేక చాలామంది ఉమ్మి ఇచ్చి వస్తారు. దానితో పరీక్ష సరిగ్గా తేలదు. పొద్దున లేవగానే లోతుగా దగ్గి తీసిన కఫమే కావాలి. సీబీనాట్, ట్రూనాట్ పరీక్షలు, మందులు ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితం.

మామూలు టీబీకి మందులు ఆరు నెలలు. ఈ వయసులో లివర్ మీద ఆ మందుల భారం ఎక్కువ. కళ్లు పచ్చబడినా, వాంతులైనా వెంటనే డాక్టర్‌కి చెప్పాలి. రిఫాంపిసిన్ వల్ల కొన్ని షుగర్ మాత్రలు, రక్తం పలచబడే మందులు సరిగా పనిచేయవు. అందుకే వాడుతున్న ప్రతి మాత్రా డాక్టర్‌కి చూపించాలి. మూత్రం నారింజ రంగులో వస్తే భయం లేదు, అది మందు రంగే. ఆ భయంతోనే మాత్రలు ఆపేసేవాళ్లుంటారు. సగంలో ఆపితే జబ్బు మొండిదవుతుంది.

ఇక డబ్బు సంగతి. నిక్షయ్ పోషణ్ యోజన కింద నెలకు 500 రూపాయలిచ్చేవారు, 2024 నవంబర్ నుంచి 1,000 చేశారు. రోజుకు 33 రూపాయలు! పాలు, గుడ్లకే చాలదు. పైగా అది బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. ఖాతా, ఫోన్ కొడుకు చేతిలో ఉన్న ముసలమ్మకి ఆ సొమ్ము తిండిగా మారుతుందా అన్నది ఎవరూ అడగడం లేదు.

పళ్లెం, గ్లాసు వేరు చేసి పెద్దవాళ్లను మూలకు కూర్చోబెట్టడం కూడా మన ఇళ్లలో ఉంది. టీబీ గిన్నెల ద్వారా అంటుకోదు, దగ్గినప్పుడు గాలి ద్వారానే వ్యాపిస్తుంది. మందు సరిగా పనిచేస్తే కొన్ని వారాల్లోనే అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. మాస్కు, తెరిచిన కిటికీ, అదే గదిలో పడుకునే అయిదేళ్లలోపు పిల్లలకు పరీక్ష, డాక్టర్ సూచిస్తే ముందుజాగ్రత్త మందు: ముందు చూసుకోవాల్సినవి ఇవి.