కోర్టు అనువాదములకు పూచీ ఎవరిది?



కోర్టు పనులలో కృత్రిమ మేధ ప్రవేశించినది. తీర్పులను దేశభాషలలోనికి మార్చుటకై సుప్రీంకోర్టు 2019లోనే ‘సువాస్’ అను అనువాద సాధనమును ప్రారంభించినది. ఇంగ్లీషు రాని కక్షిదారునకు తీర్పు తన భాషలో దొరకుట మేలే, కాదనువారెవరు?

కాని గంజాం జిల్లా తెలుగువారికి ఇందు వేరొక చిక్కు గలదు. 1936లో ఒరిస్సా ఏర్పడువరకు ఈ ప్రాంతము మద్రాసు రాజధానిలోనిది. ఆనాటి దస్తావేజులనేకము తెలుగులో నున్నవి. వాటిపై తగవు వచ్చినచో అనువాదము దాఖలు చేయవలెను. ‘భోగ్యము’ అనగా అప్పు తీరువరకు ఫలసాయము అనుభవించుట. యంత్రము దానిని వట్టి అనుభవముగా మార్చి, అప్పు మాట వదలినచో, తాకట్టు భూమి ఎదుటివాని సొంతమైనట్లు కనబడును. ఇట్టి భయము అకారణము కాదు. ‘లీవ్ గ్రాంటెడ్’ అనగా అప్పీలుకు అనుమతి. యంత్రము దానిని హిందీలో ‘సెలవు మంజూరు’ అని మార్చినదని సుప్రీంకోర్టు న్యాయమూర్తులే చెప్పియున్నారు.

కేరళ హైకోర్టు 2025 జూలైలో తన జిల్లా కోర్టులకు నియమములు చేసినది. తీర్పు నిర్ణయించుటకు యంత్రమును వాడరాదు. యంత్రానువాదమును అర్హతగల అనువాదకుడో న్యాయమూర్తియో సరిచూడవలెను. ఈ కట్టుబాటు మాకును కావలెను. తెలుగు దస్తావేజు అనువాదమును తెలుగు చదువనేర్చినవారు మూలముతో సరిచూచి సంతకము చేయవలెను. గుమాస్తా తప్పు వ్రాసినచో సంజాయిషీ అడుగుదురు. యంత్రమును అడుగువారెవరు?

ఇంటి దస్తావేజును పిల్లలకు చదువనేర్పుట మాత్రము మన పనియే.

ఇట్లు,
ఒక రిటైర్డు గుమాస్తా,
బరంపురం.