ఆ మీటింగులు కాలక్షేపం కాదు

సంపాదకుల వారికి,

మద్యం మానడం గురించి పోయిన ఆదివారం అనుబంధంలో మీ వ్యాసకర్త రాసింది చదివి రెండు రోజులు ఓర్చుకున్నాను. ఇక నావల్ల కాలేదు. ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలు "మానేసిన తాగుబోతుల కాలక్షేపం" అట. మనోబలం ఉంటే చాలట. శాస్త్రీయ ఆధారమూ లేదట. 2020లో, వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ వారు 27 అధ్యయనాలు, పదివేల పైచిలుకు మనుషుల వివరాలు దగ్గర పెట్టుకుని చూశారు. పూర్తిగా మానేసి నిలబడే విషయంలో, ఈ సంఘాల దారి పట్టించే చికిత్స మిగతా పేరున్న చికిత్సలకన్నా మెరుగనే తేలింది. మీ వ్యాసకర్తకు అంతదూరం వెతికే తీరిక చిక్కలేదేమో!

ఇక మనోబలం సంగతి. మా ఆయనకు దానికేం లోటు లేదండీ. అయ్యప్ప మాల వేస్తే మండలం రోజులూ చుక్క ముట్టేవారు కాదు. చన్నీళ్ళ స్నానం, కటిక నేల మీద పడక. మాల తీసిన సాయంత్రమే సీసా. మనోబలం లేకనే అంటారా?

ఆ బాధ చూడలేక మా అత్తగారు ఒక పొడి తెప్పించారు. "వారికి తెలియకుండా అన్నంలో కలపండి, మద్యం మాన్పించండి" అన్న ప్రకటన ఎక్కడ చూశారనుకున్నారు? మీ పత్రికలోనే, పెళ్ళి సంబంధాల పక్కన! మధ్యాహ్నం పప్పుచారులో కలిపారు. సాయంత్రం రెండు పెగ్గులు పడ్డాయో లేదో మనిషి మొహం ఎర్రగా కందిపోయింది. ఒకటే వాంతులు, గుండెదడ, ఒళ్ళంతా చెమటలు. ఆస్పత్రికి చేర్చేసరికి బీపీ పడిపోయింది. డైసల్ఫిరామ్ లాంటిదేదో కలిసి ఉంటుందన్నారు డాక్టరు. రోగికి చెప్పి, ఒప్పించి, వైద్యులు కనిపెట్టుకుని ఉండి ఇవ్వాల్సిన మందట అది. మా అత్తగారు ఆ రాత్రంతా వరండాలో కూర్చుని ఏడ్చారు. ఆ ప్రకటన తాలూకు డబ్బు మాత్రం మీకు ముట్టే ఉంటుంది. క్రికెట్ పేజీలో విస్కీ కంపెనీ సోడా ప్రకటన సరేసరి. ఆ సోడా కొని తాగినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

అసలు సంగతికొస్తాను. ఆ వార్డుకే ఈ సంఘం మనిషి, ఒక లారీ డ్రైవరు వచ్చి, "నేనూ ఇదే వార్డులో పడుకున్నానండీ" అని కూర్చున్నాడు. నీతులేం చెప్పలేదు. తన కథ చెప్పాడంతే. ఏళ్ళ తరబడి మేమంతా మొత్తుకుంటే వినని మనిషి ఆ రోజు విన్నారు. 1935లో అమెరికాలోని ఏక్రన్‌లో బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారి, బాబ్ స్మిత్ అనే సర్జను కలిసి మొదలుపెట్టిందీ ఇదే. ఎదుటివాడికి సాయపడబోయి తాము తాగకుండా నిలబడ్డారు.

ఇప్పటికీ ఏ రాత్రో నాలుక పీకితే మా ఆయన డాబా ఎక్కి ఆ డ్రైవరుకే ఫోన్ చేస్తారు. "సార్, ముందు అన్నం తినండి. అప్పటికీ తాగాలనిపిస్తే మళ్ళీ చెయ్యండి" అంటాడతను. బ్యాంకు ఆఫీసరైన ఈయనగారు బుద్ధిగా కిందికొచ్చి కంచం ముందు కూర్చుంటారు.

ఈ సంఘాల వెనక ఎవరి డబ్బుందో అని కూడా మీ వ్యాసకర్త సందేహపడ్డారు. మీటింగులో డబ్బా తిరుగుతుంది, ఉన్నవాళ్ళు పదో పాతికో వేస్తారు. గది అద్దెకీ టీకీ అదే. మా మామగారు సంతోషంతో ఇవ్వబోయిన చెక్కు బయటివాళ్ళదని వద్దన్నారు. మీ విలేకరి వెళ్తే టీ ఇస్తారు. ఫొటోలు మాత్రం తియ్యనివ్వరు.

అందరికీ మీటింగులొక్కటే చాలవు, నిజమే. ముదిరాక ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. కాబట్టి ముందు డాక్టరు దగ్గరికే వెళ్ళాలి. మీ వ్యాసంలో అదీ లేదు. కేంద్ర ప్రభుత్వ ఉచిత హెల్ప్‌లైను 14446 అయినా లేదు. ఆ పొడి ప్రకటన తీసేసి, అదే జాగాలో ఆ నంబరు వేయండి. డబ్బు కావాలంటే బిల్లు నాకు పంపండి, కడతాను.

ఇట్లు,
ఒక గృహిణి, విశాఖపట్నం
(పేరు అచ్చు వేయవద్దని మనవి)