ఎవరి చేత?

"రామా కిల్డ్ రావణా" అని బోర్డు మీద రాస్తాం. దాని కింద "రావణా వాజ్ కిల్డ్ బై రామా" అని రాస్తాం. చివర ఉన్న కర్మను ముందుకు తేవాలి, కాలాన్ని బట్టి ఈజో, వాజో, వరో పెట్టాలి, క్రియను వీ-త్రీలోకి మార్చాలి, బై పెట్టి కర్తను తోకలో తగిలించాలి. పిల్లలు పది వాక్యాలు తిప్పుతారు. పదింటికీ టిక్కులు పెడతాం. ప్యాసివ్ వాయిస్ అయిపోయింది, రేపు రిపోర్టెడ్ స్పీచ్.

పక్క గదిలో తెలుగు టీచరు చేసేదీ ఇదే. రాముడు రావణుని చంపెను, రావణుడు రామునిచేత చంపబడెను. కర్తరి వాక్యం, కర్మణి వాక్యం. 'చేత' చేర్చు, 'బడు' తగిలించు, మార్కు పట్టు.

డీఎడ్‌లో నాకు ఇలాగే నేర్పారు. చాలా ఏళ్ళు నేనూ ఇలాగే చెప్పాను. ఈ వ్యాసం ఆ చెప్పడం మీద. అంటే నా మీద కూడా.

కొన్నేళ్ళ కిందట ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె ఒక కాగితం పట్టుకుని క్లాసుకొచ్చింది. వాళ్ళవి కాలవ గట్టు మీది గుడిసెలు. ఒక్కో గుడిసె తడికకు ఒక్కో కాగితం అంటించి పోయారట. ఒకవైపు తెలుగు, రెండోవైపు ఇంగ్లిషు. ఆక్రమణలు గుర్తించబడినవి, ఏడు రోజులలోగా ఖాళీ చేయని యెడల తొలగించబడును. కింద అలికిపోయిన ముద్ర, పేరు తెలియని పొడి సంతకం. ఆ పిల్ల ఇంగ్లిషువైపు తిప్పి, "సార్, హావ్ బీన్ ఐడెంటిఫైడ్ ఉంది, విల్ బి రిమూవ్డ్ ఉంది. మరి బై ఏది సార్?" అంది.

నేను వెతికాను. లేదు. ప్యాసివ్ వాయిస్‌లో బై ఉండి తీరుతుందని అంతకు ముందు వారమే చెప్పినవాణ్ణి నేను. ఆ పిల్లకు నేను చెప్పగలిగిన జవాబు ఏమీ లేకపోయింది.

జవాబు లేకపోవడం వల్ల ఏమైందో చెబుతాను. గట్టు మనుషులు ఒక ఆఫీసుకు వెళితే కాలవ మాది కాదన్నారు. రెండో ఆఫీసుకు వెళితే స్థలం మాది కాదన్నారు. మూడో చోట కాగితం మేం పంపలేదన్నారు. ఏడు రోజులూ ఇలాగే పోయాయి. ఎనిమిదో రోజు పొద్దున గుడిసెలు 'తొలగించబడినవి'. ఎవరిని బతిమాలాలో, ఎవరి మీద అర్జీ పెట్టాలో తెలియకుండానే అంతా అయిపోయింది. బై లేని వాక్యం వాళ్ళను ఏడు రోజులు ఊరంతా తిప్పింది.

ఇప్పుడు వ్యాకరణం మాట్లాడుకుందాం. ఇంగ్లిషువాళ్ళు నిజంగా వాడే ప్యాసివ్ వాక్యాల్లో ఎక్కువ భాగం బై లేనివే. మన బోర్డు మీద బై లేని వాక్యం అరుదు, బయట బై ఉన్న వాక్యం అరుదు. మూడు సందర్భాల్లో ఆ బై రాలిపోతుంది. ఒకటి, చేసినవాడు తెలియనప్పుడు: "మై సైకిల్ వాజ్ స్టోలెన్." రెండు, చేసినవాడి పేరు అవసరం లేదనుకున్నప్పుడు: "ప్యాడీ ఈజ్ గ్రోన్ ఇన్ ద కృష్ణా డెల్టా." మూడు, చేసినవాడిని దాచాలనుకున్నప్పుడు. ఇరాన్‌కు ఆయుధాలు అమ్మిన వ్యవహారం బయటపడ్డాక 1987 జనవరిలో అమెరికా అధ్యక్షుడు రీగన్ తన దేశ ప్రజలతో తప్పులు జరిగాయనే అన్నాడు. ఇంగ్లిషులో "మిస్టేక్స్ వర్ మేడ్". ఎవరు చేశారో ఆ మాటలో లేదు. ఆ మూడు ముక్కలు ఇప్పటికీ ప్రపంచంలో సామెతలా తిరుగుతున్నాయి.

మొదటిదానితో నాకు పేచీ లేదు. రెండోదాన్ని మాత్రం ఊరికే వదలకండి. డెల్టాలో వరి పండించబడుతుంది అంటే ఎవరి చేత? ఊడ్పులు ఎవరివి, కలుపు ఎవరిది, చేలో ఎలుకల బొక్కలు తవ్వి పంట నిలబెట్టే యానాది చేతులు ఎవరివి? బెజవాడ దగ్గర కృష్ణకు అడ్డంగా ఆనకట్ట 1855 నాటికి నిర్మించబడింది అని చదువుతాం. ఎప్పుడైనా బై వచ్చినా అందులో ఇంజనీరు దొరపేరే ఉంటుంది, రాళ్ళు మోసినవాళ్ళు ఉండరు. చేసినవాడి పేరు అవసరం లేదని ముందుగా ఎవరు తేల్చారో కూడా అడగాల్సిందే.

ఈ 'బడు' మన నోటి భాష కాదు. మన పెద్దవాళ్ళు ఎవరైనా "నేను కొట్టబడ్డాను" అనగా విన్నారా? దెబ్బలు తిన్నాం అంటారు, మాట పడ్డాం అంటారు, మోసపోయాం అంటారు. బాధపడ్డవాడే ఆ వాక్యానికి పెద్ద. ఇంగ్లిషు ప్యాసివ్ చేసే పనిని తిను, పడు, పోవు అనే మాటలతో మనం ఏనాడో చేసుకున్నాం. కాబట్టి ఇది మన పిల్లలకు రాని విషయం కాదు. వాళ్ళకు వచ్చినదాన్ని పక్కన పెట్టి రానిదానితో మొదలుపెట్టేది మనమే.

ఇంకో సంగతి చూడండి. కూలిన గుడిసెల దగ్గర నిలబడి గట్టు మీది ముసలమ్మ "పీకేశార్రా" అంటుంది. ఆమె కూడా ఎవరి పేరూ చెప్పలేదు. కానీ 'పీకేశారు' చివరనున్న 'రు' మనుషులది. ఎవరో మనుషులు వచ్చారు, చేతులతో పీకారు అని ఆ ఒక్క అక్షరం సాక్ష్యం చెబుతుంది. 'తొలగించబడినవి' చివరనున్న 'వి' మాత్రం గుడిసెలది. మనుషులు ఆ క్రియలోంచి కూడా వెళ్ళిపోయారు. చదువురాని ముసలమ్మ వాక్యంలో ఉన్న మనిషి చదువుకున్న ఆఫీసు వాక్యంలో లేడు.

దీనికంటే దిగువ మెట్టు ఇంకొకటి ఉంది. గండి కొట్టారు అనడానికీ గండి పడింది అనడానికీ తేడా డెల్టా రైతుకు ఎవరూ నేర్పక్కర్లేదు. కొట్టారంటే తగాదా, పడిందంటే దైవం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు గట్లు తెగి విజయవాడలో సింగ్‌నగర్ చుట్టుపక్కలంతా మునిగినప్పుడు అందరి నోటా ఒకటే మాట: గండ్లు పడ్డాయి. వాన నిజమే, వరద నిజమే. కానీ కట్టను కాపాడాల్సిన పని ఎవరిది అనే ప్రశ్న 'పడ్డాయి' అనే మాటకు తగలదు. కూల్చు, కూలు. కాల్చు, కాలు. ముంచు, మునుగు. జరుపు, జరుగు. ఈ జంటల్లో మొదటిదానికి మనిషి కావాలి, రెండోదానికి అక్కర్లేదు.

1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో పోలీసులు గోండుల మీద కాల్పులు జరిపారు. ఇది మొదటి మెట్టు. గోండుల మీద కాల్పులు జరపబడ్డాయి. ఇది రెండోది. ఇంద్రవెల్లిలో కాల్పులు జరిగాయి. ఇది మూడోది, వాన కురిసినట్టు, పొద్దు కుంకినట్టు. రెండో మెట్టు మీద కర్త కుర్చీ ఖాళీగానైనా ఉంది, "ఎవరి చేత?" అని అడగొచ్చు. మూడో మెట్టు మీద కుర్చీనే తీసేశారు. మన చరిత్రలో ఎక్కువ భాగం ఈ మూడో మెట్టు మీదే రాసి ఉంది.

మన కాళ్ళ కిందే ఒక ఉదాహరణ ఉంది. 2015 నుంచి పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా గోదావరి నీళ్ళు పోలవరం కుడి కాలువలో నడిచి ప్రకాశం బ్యారేజీ ఎగువన కృష్ణలో కలుస్తున్నాయి. ఈ డెల్టా ఆ నీళ్ళు తాగుతోంది, నేనూ తాగుతున్నాను. అదే పోలవరం ప్రాజెక్టు వెనుక కోయల ఊళ్ళు, కొండరెడ్ల ఊళ్ళు 'ముంపుకు గురవుతున్నాయి'. ఊళ్ళు వాటంతటవే మునగవు. ముంచేవాళ్ళు ఉంటారు, అందువల్ల లాభపడేవాళ్ళూ ఉంటారు. ఆ వాక్యంలో బై తర్వాత ఉన్న ఖాళీలో డెల్టాలో ఉన్న మనమూ కొంత నిలబడాలి. వ్యాకరణం నిజాయితీగా నేర్పితే ఒక్కోసారి వేలు మనవైపే తిరుగుతుంది.

ఇక మన పేర్లకు వద్దాం. 'షెడ్యూల్డ్' వీ-త్రీ. 'నోటిఫైడ్' వీ-త్రీ. 'డీనోటిఫైడ్' కూడా వీ-త్రీనే. మన పేర్లే బై లేని ప్యాసివ్ వాక్యాలు. షెడ్యూల్డ్ బై హూమ్? దీనికి జవాబుంది: రాజ్యాంగం 342వ అధికరణ కింద రాష్ట్రపతి చేత. 1950 నాటి ఉత్తర్వు దగ్గరుంది, చదువుకోవచ్చు. నోటిఫైడ్ బై హూమ్? దీనికీ జవాబుంది: 1871 నేరస్త తెగల చట్టం కింద బ్రిటిషు ప్రభుత్వం చేత. 1911లో ఆ చట్టం మద్రాసు రాష్ట్రానికి వచ్చాక ఎరుకల వాళ్ళను పుట్టుకతోనే దొంగలుగా గెజిట్‌కెక్కించారు. విజయవాడ నుంచి బ్యారేజీ దాటితే వచ్చే సీతానగరంలోనూ, బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలోనూ సెటిల్‌మెంట్లు పెట్టి సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. హాజరు వేయించుకోవాలి, అనుమతి చీటీ లేకుండా పొలిమేర దాటకూడదు. స్టూవర్టుపురం అనే పేరు మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టూవర్టు అనే దొరది. 1952లో ఆ చట్టాన్ని దేశమంతటా రద్దు చేశారు. అయినా ఊరి పేరు చెబితే నేటికీ జేబు తడుముకునేవాళ్ళున్నారు. "వాళ్ళు నేరస్తులుగా ముద్ర పడ్డ వాళ్ళు" అని రాస్తారు. ముద్ర పడదు, వేస్తారు.

'వెనుకబడిన' అనే మాటను కూడా ఒకసారి విప్పండి. వెనుక పడిన. మనమే నడవలేక, కాలు జారి వెనుక పడినట్టు. గట్టు మీది పిల్ల వెనుకబడలేదు, వెనక్కి నెట్టబడింది. ఇక్కడ నాకు ప్యాసివే కావాలి, ఎందుకంటే 'నెట్టబడిన' అన్నప్పుడే "ఎవరి చేత?" అన్న ప్రశ్న పుడుతుంది.

అందుకే "ప్యాసివ్ చెడ్డది, యాక్టివే రాయండి" అనే ఇంగ్లిషు రచనా పుస్తకాల సలహా కూడా నాకు వద్దు. రాజ్యాంగం 21వ అధికరణ ఇంగ్లిషులో ప్యాసివ్ వాక్యమే. చట్టం చెప్పిన పద్ధతిలో తప్ప ఏ మనిషి ప్రాణమూ స్వేచ్ఛా హరించబడరాదన్నది దాని సారం. ఎవరి చేత అన్నది అందులో చెప్పలేదు. పోలీసు అనో అటవీ అధికారి అనో పేరు పెట్టి ఉంటే మిగతావాళ్ళు తప్పించుకునేవారు. అక్కడ ఖాళీ కుర్చీ మనకు కాపలా. అదే 2006 అటవీ హక్కుల చట్టం పీఠికకు వస్తే, వలస పాలనలోనూ స్వతంత్ర భారతంలోనూ అడవి బిడ్డల హక్కులు తగినంతగా గుర్తించబడలేదని, దానివల్ల చారిత్రక అన్యాయం జరిగిందని ఒప్పుకుంటుంది. ఒప్పుకోవడం గొప్పే. కానీ గుర్తించనిది ఎవరు? అక్కడ ఖాళీ కుర్చీ చేసినవాడికి కాపలా. ఒకటే వాయిస్, రెండు పనులు. ఏ పని చేస్తోందో పోల్చుకోవడం నేర్పకుండా సూత్రం ఒక్కటే నేర్పితే పిల్లల చేతికి తాళంచెవి ఇచ్చి తలుపు చూపించనట్టే.

"సిలబస్ ఎక్కడ పూర్తవుతుంది, వ్యాకరణంలో రాజకీయాలెందుకు" అనే టీచర్ మిత్రులకు ఒక మాట. తడికకు కాగితం అంటించినవాడు వ్యాకరణంలో రాజకీయం ముందే పెట్టేశాడు. మనం చదవడం నేర్పుతున్నాం, అంతే. పైగా దీనికి అదనపు పీరియడ్ అక్కర్లేదు. మన పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిషు, ఎదుటి పేజీ తెలుగు ఉన్నాయి. చరిత్ర పాఠం తీసి ఇంగ్లిషు పేజీలో ప్యాసివ్ వాక్యాల కింద గీతలు గీయించండి. ఎదుటి పేజీలో అవి 'బడు'గా మారాయా, 'జరిగింది'గా మారాయా, 'చేశారు'గా మారాయా చూడమనండి. ప్రతి గీత పక్కన "బై" అని రాసి ఒక ఖాళీ వదలమనండి. తెలిసినవి నింపాలి, తెలియనివి వెతకాలి. రేషను షాపు బోర్డు, కరెంటు ఆఫీసు నోటీసు, పేపరు ముక్క, ఏదైనా పాఠమే.

యువ మిత్రులారా, మీకూ ఒక పని. ఊళ్ళోకి ఇలాంటి కాగితం వస్తే ముందు బై వెతకండి. లేకపోతే ఆ ఉత్తర్వు ఇచ్చిన అధికారి పేరు, హోదా, ఏ చట్టం కింద ఇచ్చారో చెప్పమని సమాచార హక్కు చట్టం 2005 కింద అర్జీ రాయండి. ఎందుకు అడుగుతున్నారో చెప్పాల్సిన పని లేదు. దారిద్ర్యరేఖకు దిగువనున్న వాళ్ళకు ఫీజు కూడా లేదు. జవాబుకు ముప్ఫై రోజుల గడువుంది కాబట్టి అంతవరకు ఆగకుండా గడువు పెంచమని కలెక్టరుకు మరో అర్జీ అదే రోజు ఇవ్వండి. అందులో మాత్రం మన కర్త కనపడాలి. "మేము ఇరవై ఏళ్ళుగా ఇక్కడ ఉంటున్నాము, మేము కోరుతున్నాము" అని రాయండి. "కోరబడుచున్నది" అని రాయకండి.

ఆ పిల్ల ఆ రోజు అడిగినదానికి ఇంత ఆలస్యంగా, ఇక్కడ జవాబు రాస్తున్నాను. వాళ్ళ గుడిసెలకు ఇది పనికి రాలేదు. రేపు ఇంకో గట్టు మీద, ఇంకో తడిక మీద కాగితం పడుతుంది. కాదు, అంటిస్తారు. అప్పుడు దాన్ని చదివే పిల్ల మన క్లాసులోదే అయి ఉండాలి, బై లేదని తెలిసినప్పుడు ఏం చెయ్యాలో దానికి తెలిసి ఉండాలి. వాక్యాన్ని తిప్పడం నేర్పండి, మార్కులూ వేయండి. తిప్పాక మాత్రం బోర్డు తుడిచే ముందు క్లాసంతా గట్టిగా అడిగేలా చేయండి: ఎవరి చేత?