పళ్ళచక్రం పలికే మాట

పిల్లలూ! జనగామ సంతలో కుండ కొనేటప్పుడు మీ అమ్మమ్మ ఏం చేస్తుందో చూశారా? వేలితో తట్టి వింటుంది. మంచి కుండ ఖంగుమంటుంది. బీటవారిన కుండ బొంగురుగా పలుకుతుంది. కంటికి కనపడని బీట చెవికి చిక్కిందన్నమాట! యంత్రాలకూ ఇదే పరీక్ష ఉన్నది.

నా చిన్నతనంలో మహబూబాబాదు దగ్గర ఒక వడ్లమిల్లు ఉండేది. గిర్ని అనేవాళ్ళం. అక్కడి ముసలి మేస్త్రీ రోజూ గేరుపెట్టెకు ఒక కర్ర ఆనించి, రెండో కొసకు చెవి పెట్టి వినేవాడు. గేరు అంటే పళ్ళచక్రం. ఒక చక్రం పళ్ళు మరొక చక్రం సందులలో పడి దాన్ని తిప్పుతాయి.

ఒకనాడు మేస్త్రీ, “అయ్యా, పన్ను చెడింది. గిర్ని ఆపండి!” అన్నాడు.

“ఇన్ని బండ్లు వాకిట్లో ఉండగా ఆపేదెట్లా?” అన్నాడు యజమాని.

మూడోనాడు ఆ పన్ను విరిగి మిగతా పళ్ళ మధ్య పడింది. రెండు చక్రాలూ పాడైపోయాయి. పదిరోజులు గిర్ని మూతపడింది. ఆ రోజుల్లోనే అకాలవాన కురిసి బండ్లలోని వడ్లు మొలకెత్తాయి. అందులో మా బాపు బండి కూడా ఉన్నది.

మేస్త్రీకి ఎట్లా తెలిసింది? లెక్క వేద్దాం. చిన్న చక్రానికి 20 పళ్ళు, పెద్దదానికి 50 అనుకోండి. చిన్నది సెకండుకు 10 సార్లు తిరిగితే 20 × 10 = 200 సార్లు పళ్ళు కలుస్తాయి. అప్పుడు పెద్దది 200 ÷ 50 = 4 సార్లు తిరుగుతుంది. చెడిన పన్ను చుట్టుకు ఒకసారి ‘టక్’మంటుంది. కనుక సెకండుకు 10 దెబ్బలైతే తప్పు చిన్నదానిది. 4 అయితే పెద్దదానిది. పెట్టె విప్పకుండానే దొంగ దొరికాడు!

కాని పెద్ద యంత్రంలో వంద చప్పుళ్ళు కలిసిపోతాయి. భూపాలపల్లి దగ్గర చెల్పూరులో 1100 మెగావాట్ల కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్నది. ఇలాంటి కేంద్రాలలో బొగ్గును పిండిలా విసిరి కొలిమిలోకి పంపుతారు. ఆ విసిరే మరలను తిప్పేవి పళ్ళచక్రాలే. అక్కడ కర్రా చెవీ చాలవు.

ఒత్తితే విద్యుత్తు పుట్టించే స్ఫటికాలు ఉన్నాయని 1880లో క్యూరీ సోదరులు కనుగొన్నారు. అటువంటి స్ఫటికమున్న చిన్న పరికరాన్ని గేరుపెట్టెకు బిగిస్తే, దాని వణుకు విద్యుత్తుగా మారుతుంది. ఎంత చిక్కువణుకునైనా సాదా అలలుగా విడదీసే గణితాన్ని ఫ్రెంచి పండితుడు ఫోరియర్ 1822లో అచ్చయిన తన గ్రంథంలో వివరించాడు. నేడు కంప్యూటరు ఆ లెక్కను క్షణంలో చేసి, ఏ దెబ్బ సెకండుకు ఎన్నిసార్లు పడుతున్నదో చూపుతుంది. ఇంజనీర్లు దాన్ని పాత కొలతలతో పోల్చి చూస్తారు.

అయితే పరికరం చెప్పగలదు గాని, యంత్రాన్ని ఆపవలసింది మనిషే. ఆనాడు మేస్త్రీ చెవి తప్పు చెప్పలేదు, వినవలసినవారు వినలేదు.

ఇక మీకొక ప్రశ్న: చిన్న చక్రానికి 15 పళ్ళు, పెద్దదానికి 45. చిన్నది సెకండుకు 6 సార్లు తిరుగుతున్నది. సెకండుకు 2 దెబ్బలు వినిపిస్తే ఏ చక్రం పన్ను చెడినట్టు? కాగితం మీదే చేయండి. తిరిగే యంత్రం దగ్గరికి మాత్రం పోవద్దు!